కిటికీ మాస్కు

ఉద్యోగంలో లైను మారాలా వద్దా అని నన్ను అడగడానికి వచ్చే పిల్లలకు ఒక సంగతి ముందే చెప్తున్నాను. నేను ఓపికగా సలహాలిచ్చే మనిషిని కాను. "ఆంటీ, రిస్కు కదా?" అని రెండోసారి అడిగేసరికే నాకు చిరాకొస్తుంది. మొన్న ఇక్కడ సూరత్ ఉధ్నా పేటలో మా పక్క బిల్డింగు పిల్ల అట్లాగే అడిగి నా చేత చీవాట్లు తిని వెళ్లింది. తర్వాత పాపం అనిపించింది. ఆ పిల్లకు కావాల్సింది చీవాట్లు కాదు, జరిగిన కథ. అందుకే ఇది రాస్తున్నాను. యాభై దాటాక, అదీ కరోనా కాలంలో, ఒకే కంపెనీలో బ్యాంకింగ్ సెక్షన్ నుంచి హెచ్ఆర్‌కు మారి గెలిచిన కథ ఇది. గెలిచాననే చెప్తాను. వినయం నటించే వయసు నాకు దాటిపోయింది.

మాది బట్టల కంపెనీ. ఆఫీసు సూరత్‌లో, సాంచాల షెడ్లు ఊరవతల జోల్వాలో. సాంచా అంటే మరమగ్గమే కానీ, మావాళ్లెవరూ మరమగ్గం అనరు. బ్యాంకింగ్ సెక్షన్ అంటే ఏదో బ్యాంకు అనుకునేరు. కంపెనీకి అప్పులిచ్చే బ్యాంకుల చుట్టూ తిరగడం, వాళ్లడిగిన కాగితాలు మోసుకెళ్లడం, పని అయ్యేదాకా అక్కడే పాతుకుపోయి కూర్చోవడం, ఇదీ మా సెక్షన్. గుమస్తాగా చేరి, చివరికి సెక్షనంతా నేనే అయిపోయాను. అందరూ నన్ను "బ్యాంక్‌వాలీ బెన్", అంటే బ్యాంకు అక్క, అనేవాళ్లు.

ఆ పనిలో నాకో దొంగ విద్య ఉండేది. బ్యాంకు మేనేజరు అద్దాల గదిలో కూర్చుని పైవాళ్లతో ఫోనులో మాట్లాడుతుంటే, నేను బయట కుర్చీలో కూర్చుని ఆయన పెదవులు చదివేదాన్ని. "పోయినేటి స్టాకు కాగితం అడుగుదాం, కొన్నాళ్లు గడుస్తాయి" అని ఆయన లోపల అనేవాడు. బయటికొచ్చి నోరు తెరిచేసరికి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టేదాన్ని. తెల్లబోయేవాడు పాపం. "బెన్, మీకేదో మాతాజీ పలుకుతుంది" అనేవాడు. మాతాజీ కాదు, మా బాపు.

మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి జీవితమంతా ఉధ్నాలో సాంచాలు నడిపాడు. సాంచాల షెడ్డులో మనిషి గొంతు పనికిరాదు. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడనంత చప్పుడు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు గొంతు వాడరు. పెదవులు మాత్రం కదిలిస్తారు, అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. బాపుకు ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. అన్నం ముందు కూర్చుని పెదవులాడించేవాడు, శబ్దం రాదు.

"నోట్ల నాలుకుందా లేదా? జర గొంతిప్పి అడుగు!" అని అమ్మ గంటె ఎత్తేది.

"పచ్చిపులుసు అడుగుతున్నడే అమ్మా" అని నేను చెప్పేదాన్ని.

అట్లా ఆ పెదవుల మాట నాకు చిన్నప్పుడే వచ్చేసింది. అమ్మ మీద జోకులేసుకోవాలంటే బాపూ నేనూ ఆమె ఎదురుగానే పెదవులతో మాట్లాడుకునేవాళ్లం. ఆమె కోపం చూసి తీరాలి! బాపు పోయాక నాతో ఆ మాట మాట్లాడేవాళ్లు లేకపోయారు. చదవడం మిగిలింది, అది బ్యాంకుల్లో పనికొచ్చింది.

లాక్‌డౌన్ ఎత్తేశాక మా పెద్ద శేఠ్ పిలిచాడు. హెచ్ఆర్ మేనేజరు రోజూ బార్డోలీ నుంచి వచ్చేవాడు. ఇక రాలేను, చెరకు తోట చూసుకుంటానని మానేశాడు. షెడ్లలో సగానికి పైగా తెలుగువాళ్లు. ఊళ్లకు వెళ్లినవాళ్లు అప్పుడప్పుడే తిరిగొస్తున్నారు.

"బెన్, వాళ్ల భాష మీకొచ్చు. హెచ్ఆర్ మీరు చూడండి" అన్నాడు. ఆయన మాట్లాడేది గుజరాతీ, నేను తెలుగులో రాస్తున్నాను.

"శేఠ్‌జీ, నాకు తెలిసింది బ్యాంకు మేనేజర్లను పట్టుకోవడం ఒక్కటే."

"వాళ్లనే పట్టినావిడకు ఇదో లెక్కా?"

పొగిడితే పడిపోతానని ఆయనకు తెలుసు. పడిపోయాను. నేను లేవగానే నా పాత కుర్చీ తీసేశారు. బ్యాంకు పనంతా అప్పటికే కంప్యూటర్లోకి వెళ్లిపోయింది, మిగిలిన నాలుగు ముక్కలు అకౌంట్స్‌కు ఇచ్చేశారు. అంటే హెచ్ఆర్‌లో నెగ్గకపోతే నేను ఇంటికి వెళ్లడమే, వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. అకౌంట్స్ వాళ్లు కూడా ఊరుకోలేదు. "మేనేజర్లను బెదిరించినట్టు సాంచాలు నడిపే కారీగర్లను బెదిరించకు బెన్, సాయంత్రానికి రైలెక్కేస్తారు" అని నవ్వారు. నవ్వినవాళ్ల మొహాలు నేను మర్చిపోయే రకం కాదు.

నా టేబుల్ జోల్వాలో షెడ్ల పక్కకు మారింది కానీ, షెడ్డులో నన్నెవరూ నమ్మలేదు. వాళ్ల దృష్టిలో నేను "బ్యాంకు మేడం". ముఖ్యంగా ఒకాయన ఉండేవాడు. షెడ్డులో అందరికంటే పాత మనిషి, నాకంటే కాస్త పెద్ద. తెలుగువాళ్లంతా ఆయన మాట మీద ఉండేవాళ్లు. నేను నోరారా "అన్నా" అని పిలిస్తే "చెప్పున్రి మేడం" అనేవాడు. ఆ ఒక్క మాటతో నన్ను ఆఫీసు మెట్లెక్కించి కూర్చోబెట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. నేనూ ఇదే చప్పుడు తిని పెరిగినదాన్నే కదా అని అరవాలనిపించేది.

ఆయనా, ఆయన బామ్మర్దీ ఒక జోడీ. అంటే అవే సాంచాలను పగలు ఒకరు, రాత్రి ఒకరు నడుపుతారు. షిఫ్టు మారేటప్పుడు సాంచాలు ఆపరు. దిగిపోయేవాడు ఎక్కేవాడిని వెంటబెట్టుకుని సాంచాల మధ్య ఒక చుట్టు తిరుగుతాడు. ఏ సాంచా మొండికేస్తోంది, ఏ పక్క పోగు తెగుతోంది, పడుగు నూలు చుట్టిన బీము ఎట్లా ఉంది, అన్నీ పెదవులతో చెప్పి అప్పజెప్పి పోతాడు. నేసిన బట్టలో తప్పొస్తే ఇద్దరికీ దెబ్బే. అందుకని జోడీ అంటే పెళ్లి లాంటిది, ఊరికే కలవదు, ఊరికే విడిపోదు.

షెడ్లు చూసుకునేది చిన్న శేఠ్, పెద్ద శేఠ్ కొడుకు. ఆయన ఒక రూలు పెట్టాడు. షెడ్డులో మాస్కు దించినవాడు గేటు బయటికే. తనిఖీకి వచ్చేవాళ్లు షెడ్డుకు సీలు వేస్తామని బెదిరిస్తున్న రోజులవి. పైగా ఆ వేసవిలోనే ఆయన మేనమామ పోయారు, ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆయన భయం ఉత్త భయం కాదు, నేనూ ఆ రూలుకు తలూపాను.

కానీ సాంచాలు మొదలైన దగ్గర్నుంచీ బట్టలో తప్పులు పెరిగాయి. జోడీలు కొట్లాడుకోవడం మొదలైంది. పొద్దున్నే నా టేబుల్ ముందు పంచాయితీ.

"వీడు చెప్పకుంట పోయిండు మేడం."

"చెప్పిన! ఈనికి ఎక్కలే."

నేను చాయ్, గాఁఠియా తెప్పించి, కలిసి మెలిసి ఉండాలని ఉపన్యాసం ఇచ్చేదాన్ని. వాళ్లు గాఁఠియా శుభ్రంగా తిని, బయటికెళ్లి మళ్లీ కొట్లాడుకునేవాళ్లు. హెచ్ఆర్ అంటే ఇదేనా అని నాకే ఏడుపొచ్చేది.

చలికాలం ముదిరిన ఒక శుక్రవారం చిన్న శేఠ్ నన్ను షెడ్డు పక్కనున్న తన గదికి పిలిచాడు. టీవీలో సీసీ కెమెరా బొమ్మ నడుస్తోంది. మూల సాంచా దగ్గర బావాబామ్మర్దులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇద్దరి మాస్కులూ గడ్డం కింద ఉన్నాయి. చేతులు గాల్లో లేస్తున్నాయి, మొహాలు ఎర్రగా ఉన్నాయి.

"చూడండి, మాస్కులు తీసి మరీ తిట్టుకుంటున్నారు. ఇద్దర్నీ తీసేయండి. కాగితం తయారుగా ఉంది, మీ సంతకమే కావాలి" అన్నాడు.

వాళ్లిద్దర్నీ అప్పటికే గేటు బయట నిలబెట్టారు. వాళ్ల వెనక రాత్రి షిఫ్టు దిగిన మిగతా తెలుగువాళ్లు. నేను లోపలికి వస్తుంటే ఒకతను గట్టిగానే చెప్పాడు. "ఆళ్లిద్దరు పోతె మేమందరం పోతం మేడం. ఉధ్నాల రైలెక్కుడే." ఉత్త బెదిరింపు కాదది. లాక్‌డౌన్‌లో ఒకసారి వెళ్లినవాళ్లు, రెండోసారి వెళ్లడానికి ఎంతసేపు? వాళ్లు వెళ్తే షెడ్డు మూతపడుతుంది. సంతకం చేయనంటే నేను వెళ్తాను. పెన్ను తీసుకోకుండా, ఆ బొమ్మ మళ్లీ వేయమన్నాను.

కెమెరాకు చెవుల్లేవు. బొమ్మ మూగగా నడిచింది. నేను కళ్లజోడు తుడుచుకుని ముందుకు వంగాను. బావ పెదవులు కదిలాయి. "ఏ దిక్కురా? ఏ దిక్కు తెగుతుంది?" బామ్మర్ది పెదవులు కదిలాయి. "ఎడమ దిక్కు. బీము కాడ జర చూడు. రాత్రంత సతాయించింది." మళ్లీ బావ. "ఎడమేనా?" "ఎడమే, ఎడమే!"

ఎన్ని నెలలుగా ఎంత తెలివితక్కువగా చూస్తున్నాం అందరం! షెడ్డులో అందరి పెదవుల మీదా గుడ్డ కప్పేసి, మాట్లాడుకోవడం లేదేమని వాళ్లనే తిడుతున్నాం. మాస్కు మా అందరికీ ముక్కూ నోరూ కప్పింది. వాళ్లకు మాత్రం మాటే కప్పేసింది.

"సర్, వీళ్లు తిట్టుకోవడం లేదు. డ్యూటీ అప్పజెప్పుకుంటున్నారు" అన్నాను.

"మీకెలా తెలుసు?"

చెప్పాను. ఆయన నవ్వాడు. "బెన్, కథలు బాగా చెప్తారు."

నన్ను కథలు చెప్తానంటే ఊరుకుంటానా? "సర్, పొద్దున మీరు ఇదే అద్దాల గదిలో ఒక్కరే కూర్చుని మీ ఆవిడతో ఫోనులో ఏమన్నారో చెప్పమంటారా? 'ఉంధియు కూర చేయించు, పప్పాకు మాత్రం చెప్పకు, డాక్టరు నూనె వద్దన్నాడని గొడవ చేస్తారు' అన్నారు."

చిన్న శేఠ్ మొహంలో రంగు మారింది. తలుపు వైపు చూశాడు, అద్దం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఫోను మాట్లాడేటప్పుడు ఆయన గోడవైపు తిరిగేవాడు, అది వేరే సంగతి.

కానీ ఓడిపోవడం ఆయనకూ రాదు. "సరే, అయితే మాస్కు లోపలి నుంచి గట్టిగా అరవమనండి."

"మీరొకసారి అరిచి చూపించండి సర్."

ఇద్దరం షెడ్డులోకి వెళ్లాం. సాంచాలన్నీ నడుస్తున్నాయి. మూల సాంచాకు అటు ఆయన, ఇటు నేను. ఏదైనా చెప్పండి అని సైగ చేశాను. ఆయన మాస్కు లోపల ఏదో అరిచాడు. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాను, వినపడలేదని. ఇంకా గట్టిగా అరిచాడు. మెడ నరాలు లేచాయి. నేను మళ్లీ తలూపాను. అంతే, ఆయనకు తిక్కరేగింది. మాస్కు గడ్డం కిందికి లాగి అరిచాడు. గొంతు వినపడలేదు కానీ పెదవులు చక్కగా చదివాను. "మీకేమైనా చెవుడా?"

నేను మెల్లగా వేలెత్తి పైనున్న కెమెరాను చూపించాను. తర్వాత అదే వేలితో గేటు చూపించాను.

చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తూనే ఉన్నారు. ఆ చప్పుడులో ఎవరి నవ్వూ వినపడదు కదా, మాస్కుల పైన కళ్లు నవ్వాయి, భుజాలు ఊగాయి. ఒకతను నవ్వాపుకోలేక సాంచా వెనక్కి వెళ్లి దాక్కున్నాడు. చిన్న శేఠ్ చప్పున మాస్కు ఎక్కించుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

బయటికొచ్చాక చేతులకు శానిటైజరు రాసుకుంటూ నిలబడ్డాడు. మంచివాడే, ఒప్పుకోవడానికి కాస్త టైము పడుతుంది. "మాస్కు దిగకూడదు, బెన్. మా మామయ్య సంగతి మీకు తెలుసు. మాస్కు దిగకుండా వాళ్లు ఎలా మాట్లాడతారో మీరే చూడండి. సోమవారం దాకా ఆగుతాను. కాకపోతే ఆ కాగితం మీద సంతకం చేయాలి" అన్నాడు.

ఆ సాయంత్రం ఉధ్నాలో ఆ జోడీ ఉండే ఇంటికి వెళ్లాను. ఒకే గది. సంచి సర్ది తలుపు దగ్గర పెట్టి ఉంది. బావాబామ్మర్దులు చెరో మూల కూర్చుని ఉన్నారు. బావ భార్య మిషను ముందు కూర్చుని చీరకు లేసు కుడుతోంది.

"ఏంది మేడం, కాగితం ఇంటికే తెచ్చిన్రా?" అన్నాడు బావ.

"కాగితం లేదు ఏం లేదు. సోమారం దాక టైముంది. జర నా మాట ఇనున్రి."

టీవీలో నేను చదివిన మాటలు చెప్పాను. ఎడమ దిక్కు, బీము, రాత్రంత సతాయించింది, అన్నీ. బామ్మర్ది నోరు తెరిచాడు. బావ మాత్రం అనుమానంగా చూశాడు. "గా బొమ్మల సప్పుడే రాదు గద?" అన్నాడు.

"సప్పుడెందుకన్నా? మా బాపు గూడ సాంచాలే నడిపిండు" అన్నాను. ఆయన సంచి తీసి మంచం కిందికి నెట్టాడు.

అక్కడికి వచ్చేటప్పుడు దారి పొడుగునా నేను ఆలోచించింది బ్యాంకు మేనేజరు అద్దాల గది గురించే. అన్నేళ్లు నేను చదివింది అద్దంలోంచే కదా! అద్దం గాలిని ఆపింది కానీ మాటను ఆపలేదు. వాళ్లింట్లో చీరలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవర్లు కుప్పగా పడి ఉన్నాయి. సూరత్‌లో అవి లేని ఇల్లుండదు. ఒకటి తీసి కత్తెరతో ముక్క కోసి, నా మాస్కు మీద పెదవుల దగ్గర పెట్టి చూపించాను.

"గిదేందమ్మా, మాస్కుకు కిటికీ పెడ్తవా?" అని ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే మిషను మీదికి వంగింది.

మొదటిది వంకరగా వచ్చింది. తర్వాతిది బాగానే కుదిరింది, కానీ బామ్మర్ది పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడాడో లేదో, ఊపిరి ఆవిరికి ప్లాస్టిక్ తెల్లబడింది.

"తమ్మీ, నీ నోరు పొద్దుగాల బస్సు అద్దం లెక్కయింది" అని అక్క మళ్లీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇక్కడే ఆగిపోతే సోమవారం నా సంతకం, వీళ్ల రైలు. అప్పుడు నా కళ్లజోడు గుర్తొచ్చింది. మాస్కు పెట్టుకున్నప్పటి నుంచీ అదీ ఇట్లాగే ఆవిరి పట్టేది. రోజూ పొద్దున పొడి సబ్బు రుద్ది తుడిచేదాన్ని. ఒంటి సబ్బు తెమ్మని, ప్లాస్టిక్ లోపలివైపు రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచాను. బామ్మర్ది మళ్లీ పెట్టుకున్నాడు. మాట్లాడాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. కిటికీ తెల్లబడలేదు. "ఇగ ఊకోరా" అని వాళ్లక్క అనేదాకా ఆపలేదు.

మర్నాడు కంపెనీ డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. చుట్టూ గుడ్డ మందంగా ఉండాలి, చెంపల దగ్గర సందు ఉండకూడదు, మాట్లాడేటప్పుడు సాంచాకు చెరోవైపు నిలబడాలి అని చెప్పి ఒప్పుకున్నాడు. ఆదివారమంతా ఆ వీధిలో ఆడవాళ్ల మిషన్లు ఆగలేదు. లేసులు పక్కన పడేసి మాస్కులు కుట్టారు.

సోమవారం పొద్దున షిఫ్టు మారే వేళకు చిన్న శేఠ్ ముందే వచ్చి మూల సాంచా దగ్గర నిలబడ్డాడు. పెద్ద శేఠ్ కూడా వచ్చాడు. అకౌంట్స్ వాళ్లిద్దరు ఏదో పనున్నట్టు వచ్చి తలుపు దగ్గర తచ్చాడారు, నేను ఓడిపోతే చూద్దామని. నా గుండె సాంచాల కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

అంతకు ముందు రాత్రి ఆ సాంచాలు నడిపింది బామ్మర్దే, శేఠ్ ఒప్పుకున్నాకే. బావ లోపలికొచ్చి అతనికి ఎదురుగా, సాంచాకు ఇటువైపు నిలబడ్డాడు. ఇద్దరి మొహాల మీదా కిటికీ మాస్కులు. బామ్మర్ది పెదవులు కదిలాయి. బావ తలూపాడు. ఒక అడుగు జరిగి బీము చూశాడు, పోగు సర్దాడు, ఇంకేదో అడిగాడు, జవాబు వచ్చింది. పక్క సాంచాకు జరిగారు. సాంచా ఆగలేదు, మాస్కు దిగలేదు, మాట ఆగలేదు. అట్లా మొత్తం ఒక చుట్టు తిరిగొచ్చారు. చివర్లో బామ్మర్ది వేసిన జోకు నేను చదివాను కానీ రాయను, వాళ్లక్క చదివితే ఇద్దర్నీ కొడుతుంది.

ఆపుకోలేక చప్పట్లు కొట్టేశాను. ఎవరికీ వినపడలేదు, నాకూ వినపడలేదు. పెద్ద శేఠ్ నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. చిన్న శేఠ్ జేబులోంచి ఆ కాగితం తీసి, అడ్డంగా చింపి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. తలుపు దగ్గర చూస్తే అకౌంట్స్ వాళ్లు లేరు.

ఆ వారంలోనే మిగతా షెడ్లవాళ్లూ అడిగారు. ఉత్తరాది వాళ్లూ, ఒడియా వాళ్లూ అందరూ అవే పెట్టుకున్నారు. ఆ వీధి ఆడవాళ్లకు నెలల తరబడి చేతినిండా పని. తప్పులు తగ్గాయి. నా టేబుల్ ముందు పంచాయితీలు ఎంత తగ్గాయంటే, గాఁఠియా నేనొక్కదాన్నే తినాల్సి వచ్చింది. నేను రిటైరయ్యేదాకా హెచ్ఆర్‌లోనే ఉన్నాను, ఒక్కరోజు కూడా పాత కుర్చీ కోసం వెనక్కి చూడలేదు. లైను మారితే ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా వృథా అని భయపడే పిల్లలూ, వింటున్నారా? నేను ఏదీ వదిలేసి రాలేదు. బ్యాంకులో దొంగతనంగా వాడినదాన్ని ఇక్కడ బహిరంగంగా వాడుకున్నాను, అంతే తేడా.

ఆ సోమవారం సంగతి ఇంకొక్క ముక్క ఉంది. అందరూ బయటికి కదులుతుండగా బావ, నన్ను మేడం అనే ఆ పెద్దాయన, సాంచా మీదుగా నా వైపు తిరిగాడు. చిన్న శేఠ్ నా పక్కనే ఉన్నాడు. కిటికీలో పెద్దాయన పెదవులు కదిలాయి.

"చెల్లె, రూలంటె రూలే గద? మొన్న చిన్న శేఠ్ గూడ మాస్కు దించిండంట. ఆయన్నెప్పుడు పంపుతవ్ గేటు బయటికి?"

చెల్లె! మేడం ఎటు పోయిందో పోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నా మొహం మీద కూడా కిటికీ మాస్కే ఉంది. గొంతు వాడకుండా, మా బాపుతో మాట్లాడినట్టే, పెదవులతో జవాబు చెప్పాను. "ఊకో అన్నా. ఈసారికి చూడనట్టే ఉందాం." బాపు పోయాక ఆ గొంతులేని మాట నా పెదవుల మీదికి రావడం అదే మొదలు. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు.

షెడ్డు బయటికి రాగానే చిన్న శేఠ్ ఆగాడు. "బెన్, ఆయన నన్ను చూస్తూ ఏదో అన్నాడు. మీరూ ఏదో అన్నారు. ఏంటది?"

"హెచ్ఆర్ విషయం సర్," అన్నాను, "బయటికి చెప్పకూడదు."